కళోత్సవం జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, విద్యార్థులకు, అధ్యాపకులకు, సిబ్బందికి నమస్కారం.

2024 సెప్టెంబరు 27, 28 తేదీల్లో గుంటూరులో మన విశ్వవిద్యాలయ విద్యార్థులు జరిపిన కళోత్సవానికి ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది అన్నది ఇక్కడ చెబుతున్నాం. 28వ తేదీ గుర్రం జాషువా జయంతి. 1895లో మన వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని పద్యంతో నిలదీసిన కవి ఆయన. వేదిక దొరకని వాళ్ళ కోసం పెట్టుకున్న ఉత్సవం ఆయన పుట్టినరోజుతో ముగియాలని మొదటి సమావేశంలోనే అనుకున్నాం.

ముందు జమ. విశ్వవిద్యాలయ సాంస్కృతిక నిధి నుంచి రూ. 1,00,000 వచ్చింది. పూర్వ విద్యార్థులు రూ. 1,12,000 పంపారు. విద్యార్థుల చందాలు రూ. 87,450. యాభై, వంద చొప్పున హాస్టల్ గదుల్లో తిరిగి పోగుచేసిన డబ్బు ఇది. అధ్యాపకులు, సిబ్బంది కలిసి రూ. 64,500 ఇచ్చారు. బ్రాడీపేట, అరండల్‌పేట దుకాణాల వాళ్ళ దగ్గర రూ. 38,500 వసూలైంది. ప్రాంగణంలో పెట్టిన డబ్బాల్లో రూ. 9,370 పడింది. పన్నెండు స్టాళ్ళకు అద్దె అయిదు వందల చొప్పున రూ. 6,000. మంగళగిరి నేతవాళ్ళ స్టాలుకు, తండా మహిళల కుట్టుపని స్టాళ్ళకు అద్దె తీసుకోలేదు. మొత్తం జమ రూ. 4,17,820.

జమ గురించి రెండు మాటలు చెప్పాలి. సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి బెజవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాక చందాల వసూలు ఆపేశాం. ఇళ్ళల్లో నడుములోతు నీళ్ళున్నప్పుడు రసీదు పుస్తకం పట్టుకుని తిరగడానికి ఎవరికీ మనసొప్పలేదు. మన విద్యార్థులు అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు పట్టుకుని అక్కడికి వెళ్ళారు. వరద సాయానికి వచ్చిన డబ్బు ఖాతా వేరు, దాని లెక్క వేరు. అందులోంచి ఒక్క రూపాయి కూడా ఇందులో కలపలేదు. రెండోది, ఒక దాత యాభై వేలు ఇస్తామని ముందుకొచ్చారు. ఫ్లెక్సీ మీద తన ఫొటో వేయాలి, వేదిక మీద అరగంట మాట్లాడనివ్వాలి అన్నారు. ఆ అరగంట యానాది యువకుల పాటలకు ఇచ్చింది. మర్యాదగానే వద్దని చెప్పాం.

ఇక ఖర్చు. తొమ్మిది దళాల్లో అరవై ఒక్కమంది కళాకారులు వచ్చారు. బుర్రకథ, తోలుబొమ్మలాట, డప్పు, పల్నాడు తండాల నుంచి లంబాడీ మహిళలు, యానాది యువకుల పాట, ట్రాన్స్ మహిళల నాటకం, బధిర విద్యార్థుల మూకాభినయం, ముస్లిం మహిళల కవిసమ్మేళనం, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ పాటలు. మనిషికి రూ. 2,500 చొప్పున పారితోషికం రూ. 1,52,500. మన ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే. కావాలనే పెద్దది చేశాం.

మైక్ సెట్ అతనికి ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుంటాం, బయానా ఇస్తాం. షామియానా అతనితోనూ అంతే. అదే వేదిక మీద రెండు గంటలు డప్పు కొట్టిన మనిషికి మాత్రం శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, భోజనం చేసి వెళ్ళమంటాం. తొడిమలు తీసే అక్కలు పాటకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. తండా నుంచి వచ్చేవాళ్ళకు రెండు రోజుల పని పోతుంది. వాళ్ళు రావాలని మనం పిలిచినప్పుడు వాళ్ళ రోజుకు విలువ కట్టి పిలవాలి. అందుకే ఈసారి శాలువాలు, జ్ఞాపికలు, పూలగుత్తుల కింద ఖర్చు సున్నా.

అందరికీ ఒకే రేటు ఏమిటని కమిటీలో గట్టి వాదనే జరిగింది. బుర్రకథలో కథకుడు ముప్పై ఏళ్ళుగా తంబురా పట్టినవాడు, మొదటిసారి వేదిక ఎక్కేవాళ్ళతో సమానమా అని కొందరు అడిగారు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోగించి 1986లో పద్మశ్రీ అందుకున్న జిల్లా ఇది, ఆ విద్యకు ఇంకా ఎక్కువ ఇవ్వాలన్నది న్యాయమైన మాటే. అయితే అనుభవాన్ని బట్టి రేటు కడితే, ఇన్నాళ్ళూ వేదిక దొరకనివాళ్ళకే మళ్ళీ తక్కువ వస్తుంది. చివరికి ఒకే రేటు ఖాయం చేశాం. ఒప్పుకోని ముగ్గురి అభిప్రాయం మినిట్స్ పుస్తకంలో రాశాం.

డబ్బు దళనాయకుల చేతికి కాకుండా ఎవరిది వాళ్ళకే ఇచ్చాం. ఫోన్ పే ఉన్నవాళ్ళకు అందులో, లేనివాళ్ళకు నగదు. ఓచరు మీద ఉన్న పేరు, మొత్తం పైకి చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. లంబాడీ దళంలో ఒక పెద్దావిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఓచరు ఇంకోసారి చదవమంది. అలా చదివించుకునే హక్కు ఆమెది. తొందరపెట్టొద్దని బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థులకు ముందే చెప్పి ఉంచాం.

ప్రయాణాలకు రూ. 41,380. ఇందులో ఎక్కువ భాగం తండాల నుంచి మాట్లాడిన జీపులది. మిగతావాళ్ళకు ఆర్టీసీ బస్సు, ఆటో చార్జీలు.

డప్పులకు రూ. 18,000. దీని గురించి అడిగినవాళ్ళున్నారు కాబట్టి వివరంగా చెబుతాం. సింగ్ నగర్ డప్పు దళం వాళ్ళ ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. గోడకు తగిలించిన డప్పులు నాని, తోలు ఉబ్బి, చట్రం నుంచి ఊడిపోయింది. ముట్టుకుంటే చేతికి వాసన అంటుకుంటోంది. ఇక కాచినా పనికిరావు. డప్పు లేకుండా వాళ్ళను పిలిచి లాభం లేదు, అద్దెకు తెచ్చిస్తే ఉత్సవం అయ్యాక మళ్ళీ ఖాళీ చేతులే. రూ. 3,000 చొప్పున ఆరు డప్పులు కొనిచ్చాం. అవి కమిటీ ఆస్తి కావు, వాళ్ళవే. వరద ఖాతాలోంచి ఇవ్వొచ్చు కదా అన్న ప్రశ్నకు జవాబు: ఆ డబ్బు తిండికి, మందులకు అని చెప్పి వసూలు చేసింది.

దాని పక్కనే రూ. 340 అని చిన్న పద్దు కనబడుతుంది. అది ఎండుగడ్డికి, ఇటుకలకు. సెప్టెంబరు చెమ్మకు తోలు వదులైపోతుంది, సెగ చూపించి బిగిస్తే గానీ మోత రాదు. ప్రాంగణంలో మంట పెట్టకూడదని మొదట అభ్యంతరం వచ్చింది. వేదిక వెనక ఖాళీ స్థలంలో ఇటుకలు పేర్చి, రెండు బకెట్ల నీళ్ళు పక్కన పెట్టి అనుమతి తెచ్చుకున్నాం.

భోజనాలు హాస్టల్ మెస్‌లోనే వండించాం. ప్లేటు రూ. 90 చొప్పున 696 ప్లేట్లకు రూ. 62,640. కళాకారులు, వాలంటీర్లు, అతిథులు అందరికీ ఒకటే బంతి, ఒకటే కూర. బసకు పరుపులు, దుప్పట్ల అద్దె రూ. 6,200.

వేదిక, షామియానా, కుర్చీలకు రూ. 46,000. వాన భయంతో పైన టార్పాలిన్ వేయించడం వల్ల అంత అయింది. మైక్, లైట్లు రూ. 34,000. జనరేటరు డీజిల్ రూ. 7,450. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు వేదిక ఎక్కడానికి చెక్క ర్యాంపు రూ. 5,500. సంజ్ఞా భాషలో చెప్పిన ఇద్దరికి రెండు రోజులకు, రోజుకు రూ. 2,500 చొప్పున రూ. 10,000. కరపత్రాలు, ఫ్లెక్సీలు రూ. 9,850. ఊడ్చి శుభ్రం చేసిన ఆరుగురికి రోజుకు రూ. 600 చొప్పున రూ. 7,200. టీలు, చిల్లర ఖర్చులు రూ. 3,860.

మొత్తం ఖర్చు రూ. 4,04,920. అందులో పారితోషికం, ప్రయాణం, డప్పులు కలిపి కళాకారులకు చేరింది రూ. 2,11,880, సగానికి పైనే.

మిగిలింది రూ. 12,900. బ్యాంకు ఖాతాలో ఉంది. ప్రదర్శనలన్నీ విద్యార్థులే వీడియో తీశారు. వాటిని దళాలవారీగా కత్తిరించి పెన్‌డ్రైవుల్లో వాళ్ళకే అందించాలని, పాటలు ఎక్కడైనా వాడుకోవాలంటే ముందు వాళ్ళ అనుమతి తీసుకోవాలని తీర్మానించాం. ఆ పనికి పోగా మిగిలేది వచ్చే ఏడాది ప్రయాణ ఖర్చుల్లో జమ అవుతుంది.

కామర్స్ విభాగం అధ్యాపకులు ఇద్దరు ఈ లెక్కలు సరిచూసి సంతకాలు చేశారు. బిల్లులు, ఓచర్లు, రసీదు పుస్తకాల నకళ్ళు, మినిట్స్ పుస్తకం నెలాఖరు వరకు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా విద్యార్థి వ్యవహారాల గదిలో ఉంటాయి. చందా యాభై రూపాయలిచ్చినవాళ్ళయినా వచ్చి చూసుకోవచ్చు. రసీదు అందనివాళ్ళు, పద్దుల మీద సందేహం ఉన్నవాళ్ళు అక్కడే రాసి ఇవ్వండి, వారంలోగా రాతపూర్వకంగా జవాబిస్తాం.

— కళోత్సవ కమిటీ