కార్యదర్శి వార్షిక నివేదిక, 2024-25

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, నల్లా పైపు లీకేజీలు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే జరిగాయి. వివరాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. నేను కాస్త గర్వంగా చెప్పుకునేది ఒక్కటే, కమ్యూనిటీ హాల్లో పెట్టిన లివర్ పరీక్షల శిబిరం.

మన వీధుల్లోనే ఏడాది తిరక్కముందే యాభై కూడా నిండని మగవాళ్లు ఇద్దరు పోయారు. ఇద్దరూ కడుపులో నీరు చేరాకే ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు గారు అక్కడినుంచే మొదలుపెట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తం మీద 18.8 శాతమైతే, మన తెలంగాణలో 43.3 శాతం. ఆ మాటతో వెనక వరుసల్లో ముచ్చట్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి బాగా తాగేవాళ్లలో దాదాపు అందరికీ లివర్‌కు కొవ్వు పడుతుందట. లివర్ గట్టిపడి పాడైపోయే సిర్రోసిస్ దాకా పోయేది పదిమందిలో ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరూ ఎవరన్నది ముందుగా తెలియదు. ఊబకాయం, షుగర్, హెపటైటిస్ బి, సి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకైతే తక్కువ తాగినా తొందరగా దెబ్బ తగులుతుంది. కొవ్వు దశలోనే మానేస్తే లివర్ చాలావరకు కోలుకుంటుంది. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరును అడిగే మానాలి.

"నేను బీరే సార్, మందు ముట్టను" అంటూ ఒక పెద్దాయన లేచారు. డాక్టరు గారు బోర్డు మీద లెక్క వేశారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో, 8 శాతం చొప్పున, 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 90 మిల్లీలీటర్ల విస్కీలో 38 చిల్లర. పెద్దాయన కూర్చున్నారు. కాసేపటికి చూస్తే రక్తపరీక్ష వరుసలో ఉన్నారు.

ఉచితంగా వచ్చిన డాక్టరు గారికి, ల్యాబ్ కుర్రాళ్లకు, టెంటు, కుర్చీలు ఇచ్చిన తమ్ముడికి, పొద్దున్నే ఉప్మా చేసిన మహిళా విభాగం అక్కలకు, ఇంటింటికీ తిరిగి చెప్పిన టైలర్ అక్కకు పేరుపేరునా కృతజ్ఞతలు. గ్రూపులో "మేమున్నాం" అని పెట్టిన వాలంటీర్లలో ఆ రోజు కనిపించింది ముగ్గురే. మిగతావాళ్ల టెన్షన్ నేనొక్కడినే పడ్డాను. బస్టాప్ పక్క బెల్టు షాపు మీద మూడు అర్జీలు ఇచ్చాం. అధికారులు మూడుసార్లూ "చూస్తాం" అన్నారు. షాపు అలాగే ఉంది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. కొద్దిగా మిగులే, అప్పు లేదు.

శిబిరానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అదీ భర్తల గురించి అడగడానికి. అందుకే ఈసారి ఆదివారం పొద్దున కాకుండా, మగవాళ్లు పనుల నుంచి వచ్చాక సాయంత్రం పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. పరీక్ష చేయించుకున్న కొందరి రిపోర్టులు ఇంకా ఆఫీసు బీరువాలోనే, కవర్లు విప్పకుండా ఉన్నాయి. బీరు పెద్దాయనదీ అందులోనే ఉంది. దయచేసి వచ్చి తీసుకెళ్లండి, తాళం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి