మీ అమ్మాయి గురించి, వాన లెక్కల గురించి

మచిలీపట్నం
ఆదివారం

ఒరేయ్ రాఘవా,

నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు అదే ఆలోచన. అప్పుడు నువ్వు మంచి టెన్షన్‌లో ఉన్నావు. నేనేం చెప్పినా నీ చెవికెక్కేలా లేదు. అందుకే ఇవాళ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. హాస్టల్ రోజుల్లో వేసవి సెలవులకి ఇళ్ళకెళ్ళి పేజీలకి పేజీలు రాసుకునేవాళ్ళం కదా, అలా రాస్తున్నాను. భోజనం చేసి తీరిగ్గా చదువు.

"ఐదేళ్ళు గెలాక్సీలు చదివింది, ఇప్పుడు వాతావరణం వైపు వెళ్తానంటోంది, చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా" అన్నావు. పైగా ఇంటర్నెట్‌లో జనం కోసం ఏవేవో రాస్తూ కూర్చుంటోందనీ, దానివల్ల ఉద్యోగం రాదనీ అన్నావు. రెండో మాటకి నాకు కొంచెం కోపమొచ్చింది కూడా. నేను చాలా రోజులుగా గమనిస్తున్న ఒకాయన సంగతి చెప్తాను. విన్నాక నీ ఇష్టం.

ఆయన పేరు ఎడ్ హాకిన్స్. ఇంగ్లండ్‌లో రెడింగ్ యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం ప్రొఫెసర్. ఆయన పీహెచ్‌డీ చేసింది దేని మీదో తెలుసా? గెలాక్సీల మీదే! నాటింగ్‌హామ్‌లో చదివాడు. ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద టెలిస్కోపుతో రెండు లక్షలకు పైగా గెలాక్సీల దూరాలు కొలిచిన సర్వే ఒకటి ఉంది. ఆ గెలాక్సీలు ఎలా గుంపులు కట్టి ఉన్నాయో లెక్కగట్టడం ఆయన పని. 2003లో ఆ పేపరు వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఆకాశం వదిలి నేలమీది వాతావరణానికి వచ్చేశాడు. వచ్చేటప్పుడు నేర్చుకున్నదేదీ వదిలి రాలేదురా. లక్షల అంకెల గందరగోళంలో అసలు విషయం ఎక్కడుందో పట్టుకోవడం అక్కడా అదే, ఇక్కడా అదే. మీ అమ్మాయి చేతిలో ఉన్న విద్య కూడా అదే కదా.

2009లో రోవాన్ సటన్ అనే ఆయనతో కలిసి రాసిన పేపరు ఈ రంగంలో అందరూ చదివేది. "రాబోయే కాలం గురించి మనకి ఎందుకు కచ్చితంగా తెలియడం లేదు?" అన్న ఒక్క ప్రశ్నని వాళ్ళు మూడు ముక్కలు చేశారు. వాతావరణం తనంతట తాను అటూ ఇటూ ఊగడం ఒకటి, మన కంప్యూటర్ నమూనాల్లో తేడాలు ఒకటి, మనుషులు ముందు ముందు ఎంత పొగ వదులుతారో తెలియకపోవడం ఒకటి. వచ్చే పది, ఇరవై ఏళ్ళ వరకు మొదటి రెండే ఎక్కువ. ఈ శతాబ్దం చివరికి వెళ్ళేసరికి, భూమి మొత్తం మీద వేడి సంగతికొస్తే, మూడోదే పెద్దది. అంటే అప్పటికి మనకి అన్నిటికంటే ఎక్కువగా తెలియనిది మన నిర్ణయమే. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళు చేశాను, ఒక అనుమానాన్ని ఇంత శుభ్రంగా విడదీసి చూపించినవాళ్ళని తక్కువమందిని చూశాను.

మనకి ఇంకా దగ్గరగా తగిలేది ఆయన చేసిన మరో పని. పెళ్ళి పందిట్లో నీ చేతివాచీ చప్పుడు వినపడదు. అదే వాచీ అర్ధరాత్రి నిద్రపట్టని గదిలో తలగడ పక్కన పెట్టుకుంటే టిక్కుటిక్కుమని చంపుతుంది. చప్పుడు పెరగలేదు, చుట్టూ గోల తగ్గిందంతే. చలిదేశాల్లో ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ సగటు వేడిలో తేడా ఎక్కువ. అక్కడ భూమి వేడెక్కడం ఆ గోలలో కలిసిపోతుంది. ఉష్ణమండలంలో ఏటేటా తేడా తక్కువ. అందుకని పెరిగిన డిగ్రీలు తక్కువే అయినా, పాత అలవాటు దాటి బయటపడటం ఇక్కడ ముందు కనిపిస్తుంది. 2020లో హాకిన్స్ తన తోటివాళ్ళతో కలిసి దీన్ని కొలతలతో చూపించాడు. మనుషులకి ఏది మామూలు, ఏది కొత్త, ఏది ఇంతవరకు ఎరగనిది అని మెట్లు పెట్టి మరీ చెప్పాడు. పొగ తక్కువ వదిలిన దేశాల్లో చాలా వాటికి ఆ ఎరగనితనం ముందు వస్తోంది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. 2015 మే నెల నీకు గుర్తుందా? ఆ వడగాలులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన ఆ వారమే పోయాడు.

ఇక ఇంటర్నెట్‌లో రాతల సంగతి. ఈయన చాలా ఏళ్ళ నుంచి తన లెక్కలనీ, గ్రాఫులనీ అందరికీ కనపడేలా అక్కడే పెడుతూ వచ్చాడు. ఎవరైనా అడిగితే జవాబు చెప్తాడు, ఎవరైనా మంచి సలహా ఇస్తే తీసుకుంటాడు. 2016 మే నెలలో భూమి వేడి పెరగడాన్ని గుండ్రంగా తిరుగుతూ విచ్చుకునే ఒక గీతగా చేసి పెట్టాడు. అలా చుట్టలా తిప్పి చూడమని చెప్పింది నార్వేలోని ఒక శాస్త్రవేత్త. మూడు నెలలు తిరక్కుండానే అది రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా చూసింది. గదిలో తలుపేసుకుని కూర్చునుంటే ఆ సలహా వచ్చేదా?

2018లో చారలు చేశాడు. నువ్వు చూసే ఉంటావు, పేరు తెలియకపోయినా. నీలం నుంచి ఎరుపు దాకా నిలువు చారలు. ఒక్కో చార ఒక్కో ఏడాది. చల్లటి ఏడాది నీలం, వేడి ఏడాది ఎరుపు. అంకె లేదు, అక్షరం లేదు. మరుసటి ఏడాది ఏ దేశం వాళ్ళు ఆ దేశం చారలు తీసుకునేలా ఏర్పాటు చేశాడు. వారం తిరిగేసరికి జనం పదిలక్షల సార్లు దింపుకున్నారు. వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టు చొక్కా చేతుల మీద కూడా ఆ చారలే వేసుకుని ఆడింది. ఆయనకి బిరుదులు, పతకాలు కూడా వచ్చాయిలే, అవి వదిలేద్దాం.

మన దేశం చారలని నేను రంగుల్లో ప్రింటు తీయించి, నేను ఇప్పటికీ ఆదివారాలు వెళ్ళి చెప్పే పిల్లలకి చూపించాను. ఏంటో చెప్పలేదు. "చీర అంచు సార్" అంది ఒక పిల్ల. విషయం చెప్పాక నిశ్శబ్దమైపోయారు. కాసేపటికి ఒకడు లేచొచ్చి కుడివైపు చారల మీద వేలు పెట్టి, "సార్, నేను పుట్టాక నీలం ఒక్కటి కూడా లేదు" అన్నాడు. నేను గ్రాఫు గీసి గంట చెప్పినా ఆ మాట వాడి నోట వచ్చేది కాదు.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకొకటుంది. దాని కోసమే అసలు ఈ ఉత్తరం.

2020 మార్చి చివర. లాక్‌డౌన్. అందరం ఇళ్ళలో బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. వాళ్ళ దేశంలో పాత వర్షపు లెక్కల కాగితాలు అరవై వేలకు పైగా ఉన్నాయి, 1677 నుంచి 1960 దాకా. అన్నీ చేతిరాత. ఫొటోలు తీసి పెట్టారు కానీ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కకపోతే శాస్త్రానికి అవి లేనట్టే. హాకిన్స్ ఆ ఫొటోలు జనం ముందు పెట్టి, మీకు చేతనైనంత టైపు చేసిపెట్టండి అని అడిగాడు. పదహారు వేలమంది వచ్చారు. పదహారు రోజుల్లో యాభై రెండు లక్షల అంకెలు ఎక్కించేశారు. తప్పులు పట్టుకోవడానికి ఒక్కో అంకెని ఒకరికంటే ఎక్కువమంది చూశారు.

ఆ కాగితాల్లో మనుషులున్నారురా. లేడీ బేనింగ్ అని ఒకావిడ 1835 నుంచి 1887 దాకా, అంటే యాభై ఏళ్ళకి పైగా వాన కొలిచింది. లండన్ వెళ్ళినా రెయిన్‌గేజీ వెంట తీసుకెళ్ళేదట. ఆవిడ జీతానికి చెయ్యలేదు. ఎవరికి పనికొస్తుందో కూడా తెలిసి ఉండదు. 2022లో ఆ అంకెలన్నీ కలిపి చూస్తే, 1862 దగ్గర మొదలయ్యే ఆ దేశం వర్షాల లెక్క 1836 దాకా వెనక్కి వెళ్ళింది. వాళ్ళ రికార్డులో అతి తక్కువ వాన పడిన ఏడాది 1855 అని తేలింది. అంతకుముందు ఇదే పద్ధతిలో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీది వాతావరణ కొలతలు కూడా ఎక్కించారు. 1883 నుంచి 1904 దాకా ఆ కొండ మీద ఉండి, మంచులో, గాలిలో, గంట గంటకీ కొలిచిన మనుషుల రాతలవి.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నీకు తెలుసుగా, తాలూకా ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు ఆవరణలో రెయిన్‌గేజీ దగ్గర ఉండాలి. పండగైనా, ఇంట్లో జ్వరమైనా సరే. నీళ్ళు గాజు కొలతలో పోసి, కళ్ళకి ఎదురుగా ఎత్తి పట్టుకుని చదివేవాడు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. ఆఫీసు రిజిస్టర్లు ఏమయ్యాయో తెలియదు. కానీ అదే అంకె ఇంటికొచ్చి తన నోట్‌బుక్కులో కూడా రాసుకునేవాడు. ఆ నోట్‌బుక్కులు అమ్మ ట్రంకుపెట్టెలో చీరల కింద ఉన్నాయి. మొదటివాటిలో అంగుళాలు, సెంట్లు (అంటే అంగుళంలో నూరో వంతులు). తర్వాతవి మిల్లీమీటర్లు.

మొన్నటి నుంచి పిల్లలతో అవి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. వాన పడని రోజు నాన్న సున్నా రాశాడు, కొలవలేని రోజు ఖాళీ వదిలాడు. పిల్లలు ఖాళీల్లోనూ సున్నాలు కొట్టేస్తుంటే ఆపాను. రెండూ ఒకటి కాదని అర్థమయ్యేలా చెప్పడానికి 1977 నోట్‌బుక్కు తెరిచాను. నవంబరు 19, దివిసీమ ఉప్పెన రోజు. 20వ తేదీ ఎదురుగా అంకె లేదు. "గేజీ లేదు" అని రాసి ఉంది. తర్వాత పదకొండు రోజులు ఏమీ లేదు. ఆ పదకొండు రోజులూ ఆయన ఏం చేస్తున్నాడో నాకు తెలుసు. నీకూ తెలుసు, మీ నాన్నా ఆయనతోనే ఉన్నాడు కదా శవాల దగ్గర. అక్కడ ఒకడు సున్నా కొట్టి ఉంటే, ఆ అంకె చూసినవాడు ఆ రోజు వాన లేదనుకుంటాడు.

మీ అమ్మాయి చెయ్యబోయేది ఇలాంటి పనేరా. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, రెండేళ్ళకీ మూడేళ్ళకీ కొత్త చోటు వెతుక్కోవాలి, ఆ బాధ నేను కాదనను. జనం కోసం రాస్తే తిట్టేవాళ్ళూ ఉంటారు. నువ్వు తండ్రివి, భయపడతావు. కానీ దాన్ని ఆపకు. రాయనివ్వు.

సంక్రాంతికి అందరూ ఇక్కడికి రండి. చెల్లెమ్మకి చెప్పు, మీ వదిన అరిసెలు ఎక్కువే వండుతానంది. అమ్మాయి తన లాప్‌టాప్ తెచ్చుకుంటే మంచిది. 1964 జూన్ 14 దగ్గర ఒక అంకె ఉంది. నాకు 1 లా కనిపిస్తోంది, పిల్లలు 7 అంటున్నారు. నాన్న ఆ రెండూ ఒకేలా రాసేవాడు. నాలుగు రోజుల్నుంచి తేలక ఆగిపోయాం. దాన్నొచ్చి చూడమను.

నీ
సత్యం