పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి గారికి: పోడు ఎందుకు ఆగడం లేదంటే

అయ్యా,

పోడు అంటే కొండవాలు సాగు: మా రైతులు వేసవికి ముందు చెట్లు నరికి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలోనే సామ, చోడి (రాగి), కంది చల్లుతారు. బూడిదలోని పొటాష్ వల్ల ఎరువు ఖర్చు తగ్గుతుంది, మంట కలుపును చంపుతుంది. వాలులో నాగలి ఎలాగూ నిలవదు. రెండు మూడేళ్లకు పైమట్టి గెడ్డల (కొండవాగుల) పాలై దిగుబడి పడిపోతుంది. మునుపు కొండను పదేళ్లకు పైగా బీడు వదిలేవారు. ఇప్పుడు అంత భూమి లేదు. మేం పోడు కొట్టడం నష్టం తెలియక కాదు.

మీరు కాఫీ వేయమంటారు. మంచిదే. ముందు సిల్వర్ ఓక్ నీడ పెరగాలి, ఆపైన కాపుకు మూడు నాలుగేళ్లు. అన్నాళ్లూ తిండిగింజలెక్కడివి? (కాఫీ గింజలు వండుకోలేం కదా.) ఆ మధ్యకాలానికి చిరుధాన్యాల విత్తనం, వాలులో మట్టి కొట్టుకుపోకుండా కట్టే రాతికట్లకు ఉపాధి హామీ కూలి ఇప్పించండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెండింగ్‌లో ఉన్న పట్టా దరఖాస్తులు తేల్చండి. పట్టా లేని వాలులో ఎవరూ రాయి పేర్చరు.

— ఏజెన్సీ పోడు రైతులు