మా అమ్మ పళ్లన్నీ పీకించకుండా ఆపిన వాళ్లకు ధన్యవాదాలు

మూసాపేటలో మా పై ఫ్లాట్‌లో ఉండే పిన్నికి, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చిగుళ్ల విభాగం డాక్టర్లకు, మా బస్తీ దవాఖానా (కాలనీలో ఉండే చిన్న ప్రభుత్వ ఆసుపత్రి) డాక్టరమ్మకు మనస్ఫూర్తిగా నమస్కారాలు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన మేలు మాత్రం వివరంగా రాస్తున్నాను. కదిలే పళ్లతో, వాచిన చిగుళ్లతో ఏం చేయాలో తెలియక ఉన్నవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉంటారు.

అమ్మకు అరవై దాటాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. బ్రష్ చేస్తే రక్తం వచ్చేది, నోటి నుంచి వాసన వచ్చేది, కింది ముందు పళ్లు నాలుకతో తోస్తేనే కదిలేవి. పై దవడ పన్ను దగ్గర చీము పట్టి బుగ్గ వాచాక ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి, జబ్బు నోరంతా పాకింది, పళ్లన్నీ తీసేసి ఇంప్లాంట్లు, అంటే ఎముకలో స్క్రూలా బిగించే పళ్లు, పెట్టించుకోండి అన్నారు. ఖర్చు లక్షల్లో చెప్పారు. అంత పెట్టుకోలేకపోతే పూర్తి కట్టుడు పళ్ల సెట్ అన్నారు. నొప్పికి విసిగిపోయిన అమ్మ దానికీ సిద్ధపడింది. "పీకి పారేస్తే పీడ పోతది బిడ్డా" అంది. మాకు మాత్రం మనసొప్పలేదు.

పిన్ని నర్సుగా చేసి రిటైరయ్యారు. విషయం విని ఒకటే అడిగారు: "చిగుళ్ల డాక్టరుకు చూపించారా?" చిగుళ్లకు వేరే స్పెషలిస్టులు ఉంటారని, పళ్ల డాక్టరు డిగ్రీ బీడీఎస్ అయ్యాక మూడేళ్లు పెరియోడాంటిక్స్‌లో, అంటే చిగుళ్ల వైద్యంలో, ఎండీఎస్ అనే పై చదువు చదువుతారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పి ఊరుకోలేదు ఆవిడ. మోకాళ్ల నొప్పులున్నా మెట్రోలో మాతో పాటు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, లైన్లో అమ్మ పక్కనే నిలబడ్డారు. పిన్నీ, ఆ రోజు మీరు రాకపోయి ఉంటే మేము ఏ నిర్ణయం తీసుకునేవాళ్లమో తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఆసుపత్రిలో అమ్మను చూసింది పీజీ చేస్తున్న ఒక అమ్మాయి. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరంతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు ఎంత లోతుకు వదిలిందో కొలిచి, అంకెలు పైకి చదువుతుంటే ఇంకొకరు రాసుకున్నారు. మూడు మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదట. అమ్మకు చాలా చోట్ల ఐదు, ఆరు ఉంది, రెండు దవడ పళ్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఏ పన్ను ఎంత కదులుతోందో కూడా విడివిడిగా చూశారు. తర్వాత వాళ్ల ప్రొఫెసర్ గారు వచ్చి ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి మాకు చూపించారు. వాన నీళ్లకు మొదలు దగ్గర మట్టి కొట్టుకుపోతే చెట్టు ఎలా ఊగుతుందో, చుట్టూ ఎముక కరిగిపోతే పన్ను అలా కదులుతుందని చెప్పారు. ఎముక సగం మిగిలిన పన్ను వేరు, చివరిదాకా పోయిన పన్ను వేరు, అన్నిటికీ ఒకే తీర్పు ఇవ్వకూడదు అన్నారు. ఆ మాట విన్నాక మాకు టెన్షన్ సగం తగ్గింది.

ఇంప్లాంట్ల గురించి నేను అడిగాను. చిగుళ్ల జబ్బు అదుపులోకి రాకుండా ఇంప్లాంట్లు వేస్తే వాటి చుట్టూ కూడా ఇదే పద్ధతిలో ఎముక కరిగిపోవచ్చని, షుగర్ ఎక్కువగా ఉంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుందని చెప్పారు. ముందు జబ్బును ఆపాలి, పోయిన పన్ను స్థానంలో ఏం పెట్టాలో ఆ తర్వాత ఆలోచించాలి అన్నారు.

అమ్మకు ఇంకో భయం ఉండేది. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని మా ఊళ్లో అందరూ అంటారు. ఆ పీజీ డాక్టరు అమ్మ పక్కన కూర్చుని, అమ్మ చేతికి అద్దం ఇచ్చి చాలాసేపు ఓపిగ్గా చెప్పింది. పన్నును పట్టి ఉంచేది గార కాదమ్మా, ఎముక. గార కింద సూక్ష్మజీవులు చేరి ఆ ఎముకనే కరిగిస్తున్నాయి. గార తీశాక వాపు దిగి చిగురు కిందికి జరుగుతుంది, సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. అది చూసి పళ్లు వదులయ్యాయి అనుకుంటారు. ఇదంతా ఆ అమ్మాయి నవ్వుతూ, అమ్మ అడిగిన ప్రతిదానికీ జవాబిస్తూ చెప్పింది. వెనక అంతమంది పేషెంట్లు ఎదురు చూస్తున్నా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తల్లీ, నువ్వు పెద్ద డాక్టరువి కావాలి.

మత్తు ఇచ్చి, చిగురు లోపల వేళ్ల దాకా శుభ్రం చేసే పని విడతలుగా చేశారు. కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలిస్తే చాలా చోట్ల లోతు తగ్గింది, రక్తం దాదాపు ఆగిపోయింది. తగ్గని ఒక పక్క మాత్రం చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేశారు. దాన్నే ఫ్లాప్ సర్జరీ అంటారు. అందులో ఒక చోట ఎముక గుంటలా పోయి ఉండటంతో ఎముక పొడి నింపారు. పోయిన ఎముక అన్ని చోట్లా తిరిగి రాదని, అలాంటి గుంటలు ఉన్నచోటే అది పనికొస్తుందని ముందే చెప్పారు. కింది ముందు పళ్లను లోపలి వైపు సన్నటి తీగతో, పంటి రంగు సిమెంటుతో కలిపి కట్టారు. ఇప్పుడు అవి కదలడం లేదు.

రెండు దవడ పళ్లు తీయక తప్పలేదు. పై దవడ పన్నుకు మూడు వేళ్లు, అవి చీలే చోట ఎముక పూర్తిగా పోయింది. ఉంచితే పక్క పన్ను ఎముకను కూడా తినేస్తుందన్నారు. పై పన్ను తీస్తే కండ్లు మసకబారుతయని అమ్మ ఏడ్చింది. పంటి నరానికీ చూపుకూ సంబంధం లేదని మళ్లీ మొదటి నుంచీ చెప్పి, అప్పుడే తీశారు. అమ్మ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటుంది. దాన్ని మన అంతట మనం ఆపకూడదని, గుండె డాక్టరును అడిగాకే ఏదైనా అని గట్టిగా చెప్పారు. తీశాక దూది గట్టిగా కొరికి పట్టుకోవడం, ఆ రోజంతా ఉమ్మకపోవడం, స్ట్రాతో తాగకపోవడం, మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు మెల్లగా పట్టి వదలడం, అన్నీ తెలుగులో రాసిచ్చారు. పుండు బాగా మానింది.

వీళ్లందరితో సమానంగా బస్తీ దవాఖానా డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కాలి. దంత ఆసుపత్రి నుంచి చీటీ తీసుకెళ్లగానే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయించారు. 9 దాటి ఉంది. షుగర్ మందులు మార్చారు. అమ్మ ఏళ్లుగా వాడుతున్న అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయని ఆవిడే గమనించి, దాని బదులు వేరే మాత్ర రాశారు. షుగర్ పెరిగితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది అని ఆవిడ చెప్పింది మా కళ్లముందే చూశాం. నోరు బాగుపడుతున్న కొద్దీ షుగర్ కూడా దిగింది.

ఇప్పుడు అమ్మ జొన్నరొట్టె నమిలి తింటోంది. జామకాయ మాత్రం ముక్కలు కోసుకుంటుంది, కట్టిన పళ్లతో కొరకొద్దన్నారు. రోజూ రాత్రి పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్‌లతో శుభ్రం చేసుకుంటుంది. మూడు నెలలకోసారి చెకప్‌కి రమ్మన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే పొద్దున్నే ఓపీకి వెళ్లండి. పాత ఎక్స్‌రేలు, షుగర్ రిపోర్టు, వాడే మందుల చీటీ వెంట ఉంచుకోండి. చిగుళ్ల విభాగం ఎక్కడో అడిగి, ఏ పన్ను నిలుస్తుంది, ఏది నిలవదు అని ఒక్కోదాని గురించీ చెప్పించుకోండి. ఏదైనా అడగాలంటే కింద రాయండి, నాకు తెలిసింది చెప్తాను, మిగతావి పిన్నిని అడిగి చెప్తాను.