పెద్దల జ్ఞాపకాలను వినేవారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వృద్ధులు గతాన్ని పదేపదే తలచుకుంటే చాదస్తమని కొట్టిపారేయడం తగదు. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే దీనిని జీవిత పునఃపరిశీలనగా గుర్తించి, మలివయసులో మనిషి తన పాత బాధలను, తెగని తగవులను మళ్లీ తరచి చూసుకొని వాటితో సమాధానపడే సహజ ప్రక్రియ ఇదని వివరించారు. అయితే ఆ పరిశీలన కొందరిని అపరాధ భావం వైపు, కుంగుబాటు వైపు నెట్టే ప్రమాదముందనీ ఆయన హెచ్చరించారు. అందుకే పక్కన కూర్చుని ఓపికగా వినే మనిషి అవసరం. మనుషుల జీవితాలను దశాబ్దాల పాటు గమనిస్తూ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన అధ్యయనం కూడా మలివయసు ఆరోగ్యానికి, ఆనందానికి ఆత్మీయ సంబంధాలే బలమైన ఆధారమని చెబుతోంది. మనవలు కుతూహలంతో ప్రశ్నలు అడగడమే, నా దృష్టిలో, తాతయ్యలకూ అమ్మమ్మలకూ దక్కే గొప్ప గౌరవం. పెద్దల అనుభవాలకు మీ పత్రిక వారానికొకసారైనా చోటు కల్పించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు