పియాస్ట్ వంశం 1370లో అంతరించలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో మధ్యయుగపు పోలండ్ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. మన పత్రికల్లో అరుదుగా కనిపించే విషయం కనుక ముందుగా అభినందనలు. అయితే కాజిమీర్ మహారాజు 1370లో మగ సంతానం లేకుండా మరణించడంతో పోలండ్‌ను పాలించిన పియాస్ట్ రాజవంశం అంతరించి, కిరీటం హంగరీ రాజు లూయీకి దక్కిందన్న వాక్యం మాత్రం సరికాదు. కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర చెప్పిన అలవాటు చేత దానిని చూసీ చూడనట్లు వదలలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి ఆ సంవత్సరం ముగిసింది పియాస్టులలో కిరీటం ధరించిన శాఖ మాత్రమే. మజోవియా ప్రాంతంలో పియాస్టులు 1526 వరకు, సిలీజియా ప్రాంతంలో 1675 వరకు పాలించారు. అంతకంటె చెప్పుకోదగ్గ సంగతి ఏమిటంటే, కాజిమీర్ కన్నుమూసిన 1370 నవంబరు 5న ఆయన దాయాది ఒకరు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, ఫ్రాన్సులోని దిజోఁ పట్టణంలో, సెయింట్ బెనీన్ మఠంలో సన్యాసిగా బతికే ఉన్నారు. ఆయన గ్నియెవ్‌కోవో రాకుమారుడు వ్లాదిస్లావ్, చరిత్రలో ‘తెల్ల వ్లాదిస్లావ్’. పోలిష్ వారి నోట ఆ పేరు ‘వ్వాదిస్వాఫ్’ అని వినిపిస్తుంది గాని, మన పాఠకులకు అలవాటైన రూపాన్నే వాడుతున్నాను. జుట్టు రంగును బట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, మొదట చేరిన సిస్టర్సియన్ మఠంలో కట్టిన తెల్లని వస్త్రాన్ని బట్టి వచ్చిందని మరికొందరు అంటారు. దిజోఁలోని బెనెడిక్టిన్లు ధరించేది నల్లని వస్త్రం కాబట్టి, తెల్ల రాకుమారుడి మఠ జీవితం చాలావరకు నల్లబట్టల్లోనే గడిచిందన్నమాట.

ఆయన హక్కు ఏమిటో యూరోపియన్ పుస్తకాల్లో వంశవృక్షం బొమ్మ ముందు పెట్టుకుంటే తప్ప అర్థం కాదు. మన వరసల్లో చెబితే రెండు మాటల్లో తేలిపోతుంది. వ్లాదిస్లావ్ తాత షెమోమిస్ల్, కాజిమీర్ తండ్రి వ్లాదిస్లావ్ లొకెటెక్ ఒకే తండ్రికి పుట్టిన సవతి సోదరులు. అంటే చనిపోయిన రాజు మన రాకుమారుడికి వరసకు బాబాయి. కొత్త రాజు లూయీ ఆ బాబాయి సొంత అక్క కొడుకు, అంటే వ్లాదిస్లావ్‌కు మేనత్త కొడుకు, బావ వరస. అక్కడితో ఆగలేదు. వ్లాదిస్లావ్ సోదరి ఎలిజబెత్ బోస్నియా పాలకుడిని పెళ్ళాడగా, వారి కుమార్తెను లూయీ రెండో వివాహం చేసుకున్నాడు. మేనకోడలి భర్త కనుక లూయీ ఆయనకు అల్లుడు కూడా అయ్యాడు. వీరిద్దరికీ తోడు మూడో వాడు కాజ్కో. కాజిమీర్ కూతురి కొడుకైన ఈ పొమెరేనియా యువరాజును తాతే దత్తత తీసుకుని, వీలునామాలో విశాలమైన భూభాగాలు రాసిచ్చాడు. రాజు పోగానే లూయీ పక్షం ఆ వీలునామాను చాలావరకు కొట్టివేయించి, కాజ్కోకు దోబ్జిన్, బిడ్గోష్చ్ వంటి కొద్ది ప్రాంతాలనే మిగిల్చింది. దాయాది, మేనల్లుడు, దౌహిత్రుడు: మన పల్లెల్లో ఆస్తి తగాదాలు చూసినవారికి ఈ ముగ్గురినీ వేరే పరిచయం చేయనక్కరలేదు.

వ్లాదిస్లావ్ 1327-1333 మధ్య పుట్టాడు. ఆయనకు సంక్రమించిన గ్నియెవ్‌కోవో, పోలండ్‌లోని కుయావియా ప్రాంతంలో అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలు ముక్కలైన భూముల్లో ఒక చిన్న ముక్క. భార్య 1360 ప్రాంతంలో చనిపోయింది, పిల్లలు లేరు. ఆ తరువాత మూడు నాలుగేళ్ళకే తన రాజ్యాన్ని వెయ్యి ఫ్లోరిన్లకు (బంగారు నాణేలకు) కాజిమీర్ దగ్గర కుదువ పెట్టి దేశం విడిచి వెళ్ళాడు. జెరూసలేం యాత్ర చేసి, ప్రష్యాలో ట్యూటోనిక్ నైట్లు అనే జర్మన్ మతయోధుల వెంట లిథువేనియన్ల మీద యుద్ధానికి వెళ్ళి, పోపు ఉన్న అవీన్యోఁకు చేరి, చివరకు 1366లో ఫ్రాన్సులోని సీతో అనే సిస్టర్సియన్ మఠంలో సన్యాసం పుచ్చుకున్నాడు. అక్కడా నిలవలేక దిజోఁకు మారాడు. నిలకడలేని మనిషి అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు.

మీ వ్యాసకర్త ఈయనను విడిచిపెట్టడానికి కారణం కూడా అదే అయివుంటుంది. ఎక్కడ చూసినా ఈయనను మఠం నుంచి పారిపోయి వచ్చి సింహాసనం అడిగిన వింత సన్యాసిగా ఒక నవ్వులాటకు పరిమితం చేస్తారు. నా అభిప్రాయంలో ఆయన కథను చదవవలసింది మనస్తత్వం వైపు నుంచి కాదు, లెక్కల వైపు నుంచి.

లూయీ హక్కుకు ఆధారం ఒప్పందాలు. 1355లో బుడాలో ఆయన పోలిష్ ప్రభువులకు కొత్త పన్నులు వేయనని మాట ఇచ్చాడు, వారు ఆయన మగ సంతతికి వారసత్వాన్ని ఒప్పుకున్నారు. తీరా చూస్తే లూయీకి కొడుకులు లేరు, కూతుళ్ళే. పైగా ఆయన హంగరీలో ఉంటూ పాలన భారాన్ని తల్లి ఎలిజబెత్‌కు అప్పగించాడు. ఇది నచ్చని గ్రేటర్ పోలండ్ (పోలండ్ పశ్చిమ భాగం) ప్రభువులు కొందరు దిజోఁకు మనుషులను పంపారు. సన్యాస ప్రతిజ్ఞ నుంచి విడుదల చేయడానికి పోపు పదకొండవ గ్రెగరీ ఒప్పుకోలేదు. ప్రతిజ్ఞ ఉన్నా లేకపోయినా అన్నట్లు వ్లాదిస్లావ్ 1373లో కొద్దిమంది వెంటరాగా కుయావియాలో ప్రత్యక్షమై గ్నియెవ్‌కోవోను, జ్లొటోరియా కోటను చేజిక్కించుకున్నాడు. గ్రేటర్ పోలండ్‌లో రాజప్రతినిధిగా ఉన్న షుబిన్ సెంజివోయ్ ఆయనను త్వరలోనే వెళ్ళగొట్టాడు. మరుసటి ఏడు, 1374లో, లూయీ కోషిత్సె పట్టణంలో ప్రభువుల పన్నును ఒక్కొక్క కమతానికి రెండు గ్రోషులకు (వెండి నాణేలకు) తగ్గించి, బదులుగా తన కూతుళ్ళలో ఒకరికి సింహాసనం దక్కేలా సమ్మతి తీసుకున్నాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి జరగడం కేవలం కాకతాళీయమని నేను అనుకోను. దాయాది ఒకడు గుమ్మం దాకా వచ్చి నిలబడిన తరువాతనే ప్రభువుల బేరానికి బలం వచ్చింది. వారికి కావలసింది రాజు కాదు, రాజును భయపెట్టే మనిషి.

వ్లాదిస్లావ్‌కు ఈ సంగతి ఎంతవరకు తెలుసునో గాని, 1375లో మళ్ళీ వచ్చాడు. ఈసారి జ్లొటోరియా కోటను పట్టుకుని అందులోనే ముట్టడిని ఎదుర్కొన్నాడు. ముట్టడించిన వారిలో కాజ్కో ఉన్నాడు. తాత ఇచ్చిన ఆస్తిని చాలావరకు కోత కోసిన లూయీ పక్షానే దౌహిత్రుడు దాయాదితో పోరాడాడు. కాజ్కో గోడల మీది నుంచి వచ్చిన రాయి తగిలి గాయపడి, 1377 జనవరి 2న బిడ్గోష్చ్‌లో మరణించాడు. అప్పటికే 1376లో కోట లొంగిపోయింది. లూయీ బంధువును చెరలో వేయలేదు, చంపించలేదు. గ్నియెవ్‌కోవో మీద హక్కులు వదులుకున్నందుకు పదివేల ఫ్లోరిన్లు, హంగరీలోని పన్నోన్‌హల్మ మఠాధిపత్యం ఇచ్చాడు. పన్నెండేళ్ళ క్రితం వెయ్యి ఫ్లోరిన్లకు కుదువ పోయిన అదే నేల ఇది. మధ్యలో భూమి పెరగలేదు, పంటలు పదింతలు కాలేదు. పెరిగిన తొమ్మిది వేలు రాచరక్తానికి కట్టిన ధర. పియాస్ట్ వంశం నిజంగానే అంతరించి ఉంటే లూయీ ఆ ధర ఎవరికి చెల్లించినట్లు?

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ కథలో మనకు తెలిసినది చాలావరకు చార్న్‌కుఫ్ యాంకో అనే మతాధికారి రాసిన వృత్తాంతం నుంచి వచ్చింది. ఆయన కాజిమీర్ కొలువులో ఉపచాన్సలర్‌గా ఉండి, లూయీ వచ్చాక పదవి పోగొట్టుకున్నాడు. రాజు సమాధిలోని కిరీట చిహ్నాలను అపహరించాడన్న నింద కూడా మోశాడు. అటువంటి మనిషి లూయీ తల్లి రాణి ఎలిజబెత్ పాలన గురించి రాసిన ప్రతి మాటనూ చేదు కలిసినదిగా ఎంచి చదవాలి.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు టోరూన్ పట్టణం నుంచి ఒక మధ్యాహ్నం జ్లొటోరియా చూసి వచ్చాను. ద్రెవెంత్సా నది విస్తులాలో కలిసే మొనలో, గడ్డిలో మునిగిన ఎర్ర ఇటుక గోడలు కొన్ని మిగిలి ఉన్నాయి. కాజిమీర్ కట్టించిన ఈ కోటను 1409లో ట్యూటోనిక్ నైట్లు పడగొట్టారు. ఒక ఇటుక మీద అరచెయ్యి ఆన్చి చూశాను, ఎండకు వేడెక్కి ఉంది. రెండు వైపులా నీళ్ళు. ఇందులో చిక్కిన వాడికి తప్పించుకునే దారి ఉండదని పటం చూస్తే తెలియనిది అక్కడ నిలబడితే తెలిసింది.

పన్నోన్‌హల్మలో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. తిరిగి దిజోఁ చేరాడు. గ్నియెవ్‌కోవోను లూయీ మరో పియాస్టుకే, సిలీజియాకు చెందిన వ్లాదిస్లావ్ ఒపోల్చిక్‌కు అప్పగించాడు. లూయీ మరణించిన 1382లోనే అవీన్యోఁ పోపు ఏడవ క్లెమెంట్ మన రాకుమారుడిని సన్యాస ప్రతిజ్ఞ నుంచి విడుదల చేశాడు. పన్నెండేళ్ళ ముందు ఎదురుచూసిన ఆ అనుమతితో ఆయన పోలండ్ రాలేదు. 1384 అక్టోబరు 16న కిరీటం పెట్టుకున్నది లూయీ కుమార్తె, పదేళ్ళ యాద్విగా. ఆమె పుట్టింది వ్లాదిస్లావ్ మొదటిసారి కుయావియాకు తిరిగి వచ్చిన ఆ శీతకాలం ప్రాంతంలోనే. సోదరి కూతురి కూతురు కనుక ఆమె ఆయనకు మనవరాలి వరస. ఆయన 1388లో స్ట్రాస్‌బుర్గ్‌లో కన్నుమూశాడు, దేహాన్ని దిజోఁకు తెచ్చి సెయింట్ బెనీన్‌లో ఖననం చేశారు. సమాధి ఫలకం నేటికీ ఉంది.

కనుక మీ వ్యాసం మళ్ళీ ముద్రణకు గాని, పుస్తకానికి గాని వెళ్ళేటప్పుడు ‘పియాస్ట్ వంశం’ అన్నచోట ‘పియాస్టుల రాచశాఖ’ అని మార్చవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
తెనాలి.