హన్మకొండ, కాజీపేట చందాదారులకు భూగర్భ ఫైబర్ పనుల గురించి

మా బ్రాడ్‌బ్యాండ్ చందాదారులందరికీ నమస్కారం. కరెంటు స్తంభాల మీదుగా వెళ్తున్న మా ప్రధాన ఫైబర్ లైన్లను దశలవారీగా భూమిలోకి మారుస్తున్నామని సుబేదారి, నక్కలగుట్ట, నయీంనగర్ వీధుల్లో తవ్వకాలు చూసినవారికి ఇప్పటికే తెలుసు. పని మొదలైన నాటి నుంచి ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేవి రెండే ప్రశ్నలు: ఇకపై నెట్ ఆగదు కదా, స్పీడు పెరుగుతుంది కదా అని. ఈ రెండింటికీ ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పడం నా బాధ్యత.

స్తంభాల మీది లైనుకు ముప్పులు ఎక్కువ. కోతులు కేబుల్ పట్టుకుని ఊగుతాయి, పై తొడుగు కొరుకుతాయి. గణేశ్ నిమజ్జనం రోజు విగ్రహం కిరీటానికి అడ్డొచ్చిన వైర్లను కుర్రవాళ్లు వెదురు కర్రతో పైకెత్తుతారు, ఎత్తినా చాలకపోతే కోసేస్తారు. గాలివానకు విరిగిపడే కొమ్మల సంగతి సరేసరి. వీటన్నిటినీ మించిన కారణం మరొకటి ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు మరణించిన తర్వాత, ఆ నగరంలో స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించడంతో అనేక కాలనీల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఫైబర్ గాజుతో చేసినది కాబట్టి దానిలో కరెంటు పారదని మా రంగంలో చాలామంది వాదిస్తారు. కానీ ఆ కేబుల్‌ను మోసే ఇనుప తీగలో పారుతుంది కదా. అందుకే స్తంభాలకు కేబుళ్లు కట్టడంపై విద్యుత్ శాఖ అభ్యంతరాన్ని నేను తప్పుపట్టను.

భూమిలో మేము వేస్తున్నది 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, దాని లోపల కేబుల్. దేశంలో పెద్ద లైన్లకు సాధారణంగా పాటించే లోతు 1.65 మీటర్లు. ఆ లోతు మన ఊళ్లో అన్నిచోట్లా సాధ్యం కాదు. రెండడుగులు తవ్వగానే బండ తగిలే వీధులు ఎన్ని ఉన్నాయో ఇక్కడ ఇల్లు కట్టుకున్న వారెవరినడిగినా చెబుతారు. అటువంటి చోట తక్కువ లోతులోనే ఇనుప గొట్టం తొడిగి, పైన కాంక్రీటు పోస్తున్నాము. పెద్ద రోడ్లను అడ్డంగా దాటేటప్పుడు తారు పగలగొట్టకుండా బోరింగ్ యంత్రంతో కింది నుంచే పైపు లాగుతున్నాము. రైలు పట్టాలు దాటాలంటే రైల్వే అనుమతి వేరుగా కావాలి కాబట్టి కాజీపేటలో పట్టాల అవతలి భాగం కొంతకాలం పాత లైను మీదే నడుస్తుంది.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. లైను తెగిపోవడం, అంటే మా మాటలో 'కట్' పడడం, తగ్గుతుంది, కానీ పడిన ప్రతి కట్ ఇదివరకటి కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. స్తంభం మీద తెగితే కంటికి కనబడుతుంది, నిచ్చెన వేస్తే అందుతుంది. భూమిలో తెగినప్పుడు ఓటీడీఆర్ అనే మీటరుతో ఫైబర్‌లోకి కాంతిని పంపి, తిరిగివచ్చే కాంతిని బట్టి ఎంత దూరంలో తెగిందో లెక్కగట్టాలి. మీటరు 1,840 మీటర్లు చూపిందని రోడ్డు మీద టేపు పట్టి అంతే దూరంలో తవ్వితే కట్ దొరకదు. దారిలో భూమిలో కట్టిన ప్రతి ఛాంబరులో (చిన్న తొట్టిలో) మిగులు కేబుల్ చుట్ట ఉంటుంది, ఆ చుట్టల పొడవంతా తీసివేస్తే గానీ అసలు చోటు తేలదు. చోటు దొరికాక గుంత తీసి, నీళ్లు తోడి, కేబుల్ రెండు కొసలనూ పొడిగా ఉన్న చోటికి తేవాలి. అప్పుడు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ వరుసలో ఒక్కొక్క ఫైబర్ పై పూత తీసి, స్పిరిట్‌తో తుడిచి, కొసను నిటారుగా తుంచి, స్ప్లైసింగ్ మిషన్‌లో విద్యుత్ మెరుపుతో రెండు గాజు కొసలనూ కరిగించి అతకాలి. పూత తీసిన ఫైబర్ మందం 125 మైక్రాన్లు, దాదాపు తల వెంట్రుకంత. అందులో కాంతి నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. ధూళి రేణువు పడినా, కొస వంకరగా తెగినా లాస్ (కాంతి నష్టం) పెరుగుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. వాన కురుస్తుండగా ఈ పని టార్పాలిన్ కింద చేస్తున్న కుర్రవాణ్ణి "ఇంకెంత సేపు" అని ఫోన్ మీద ఫోన్ చేసి అడగవద్దని మనవి.

భూమిలో కూడా ముప్పులు లేకపోలేదు. కోతులు పోయి పందికొక్కులు వస్తాయి, అందుకే మోరీల పక్కన ఇనుప కవచం ఉన్న కేబుల్ వాడుతున్నాము. అన్నిటికంటే పెద్ద ముప్పు జేసీబీ. తవ్వేవారు కింద ఎవరి లైన్లున్నాయో ముందే తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది, కానీ తెల్లవారుజామున బకెట్ దింపే డ్రైవరుకు ఆ సంగతి చెప్పేవారెవరు? రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే డక్టు (కేబుల్ వెళ్లే గొట్టం) వేశారు. ఊళ్లో నల్లాకు ఒకసారి, మోరీకి ఒకసారి, ఇంటర్నెట్‌కు ఒకసారి అదే రోడ్డును తవ్వే కంటే అది ఎంతో మేలైన పద్ధతి అని నా అభిప్రాయం.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: స్పీడు పెరగదు. ఒకే ఫైబర్‌ను అనేక ఇళ్లకు పంచే మా జీపాన్ వ్యవస్థలో ఒక పోర్టు నుంచి ఇళ్ల వైపు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు వస్తాయి, స్ప్లిట్టర్ (కాంతిని పంచే పరికరం) ద్వారా దాన్ని 32 ఇళ్ల వరకు పంచుకుంటాయి. కేబుల్ గాలిలో ఉన్నా మట్టిలో ఉన్నా ఆ లెక్క మారదు. వెనుక గదిలో వైఫై అందకపోవడానికీ ఈ పనికీ సంబంధం లేదు.

వీధి మలుపులోని పెట్టె నుంచి మీ ఇంటికి వచ్చే డ్రాప్ వైరు ప్రస్తుతానికి పైనుంచే వస్తుంది. తవ్వకానికీ, కార్పొరేషన్‌కు కట్టే రోడ్డు పునరుద్ధరణ రుసుముకూ అయ్యే ఖర్చు ముందు కేబుల్ ధర చాలా చిన్నది. ప్రతి గుమ్మం దాకా తవ్వాలంటే నెల ప్యాకులు పెంచక తప్పదు, అది నాకు ఇష్టం లేదు. ఇప్పుడున్న ప్యాకుల ధరలు ఈ పని కారణంగా మారవు. కట్ పడి సేవ 24 గంటలు దాటి ఆగితే, ఆగిన రోజులు మీరు అడగకుండానే గడువుకు కలుస్తాయి.

మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు, గేటు ముందు ర్యాంపు, వీటిలో దేనికోసం తవ్వించినా ముందు రోజు మాకు ఒక ఫోన్ చేస్తే మా మనిషి వచ్చి లైను ఎటు వెళ్తుందో సున్నంతో గీసి చూపిస్తాడు. మోడెం పెట్టె మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదని అర్థం. అప్పుడు పిన్నుతో రీసెట్ నొక్కకండి, నొక్కితే లోపలి సెట్టింగులు పోయి, మేము లైను అతికిన తర్వాత కూడా మీ ఇంట్లో మాత్రం నెట్ రాదు. హంటర్ రోడ్డు వైపు పని వానాకాలం ముగిశాక మొదలవుతుంది. లైను మార్చే రాత్రి సేవ కొన్ని గంటలు ఆగుతుంది, ఆ తేదీని ముందుగానే వాట్సాప్‌లో తెలియజేస్తాము.